రెండో ఈవీ కొంటున్నారా? బుకింగ్ రశీదు కాదు, ఇన్‌వాయిస్ తేదీ చూసుకోండి

"అమ్మా, కారు బుక్ చేసీసినాను. ఈ ఏడు ట్యాక్సు తగ్గిపోద్ది కదా?"

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర చిన్న గదిలో పదిహేడేళ్లుగా ఇన్‌కంట్యాక్స్ రిటర్నులు వేస్తున్నాను. ఈ రెండేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. అడిగేవాళ్లు కొత్తవాళ్లు కాదు. 2021లోనో 2022లోనో ఒక ఎలక్ట్రిక్ కారు కొని, దాని రుచి తెలిసి, ఇప్పుడు రెండోది తీసుకుంటున్నవాళ్లు. మొదటిసారి వచ్చిన లాభాలే ఇప్పుడూ వస్తాయని ధీమాగా ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 2025లో నా రెండో కారు విషయంలో బాగా ఇబ్బంది పడ్డాక, పన్ను లెక్కను, డెలివరీ కోసం ఎదురుచూసే లెక్కను కలిపే చూడాలని అర్థమైంది. ఆ రెండిటినీ కలిపి చెప్పేవాళ్లు షోరూంలో ఉండరు. అందుకే రాస్తున్నాను. ఇక్కడి లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు వేరు. అందరికీ అలవాటైన పాత నంబర్లే వాడుతున్నాను.

ముందుగా 80ఈఈబీ సంగతి. ఎలక్ట్రిక్ బండి లోను మీద కట్టే వడ్డీలో ఏడాదికి లక్షన్నర వరకు ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చన్న సెక్షన్ ఇది. 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 మధ్య మంజూరైన లోన్లకే వర్తిస్తుంది. అంటే ఇప్పుడు మీరు రెండో కారుకు తీసుకునే లోనుకు ఇది లేదు. షోరూంలో కుర్రాడు "సార్, లక్షన్నర ట్యాక్స్ బెనిఫిట్ ఉంది" అని ఇప్పటికీ చెబుతుంటాడు. వాడికి ఎవరో ఎప్పుడో నేర్పిన మాట అది. మొదటి కారు లోను ఆ గడువులో మంజూరై ఇంకా నడుస్తుంటే మాత్రం, ఆ లోను తీరేదాకా వడ్డీ చూపించుకోవచ్చు. రెండో కారు కోసం మొదటిది అమ్మి లోను క్లోజ్ చేస్తే ఆ రోజుతో అదీ అయిపోతుంది.

అయిపోతే బాధపడాలా? చాలామందికి అవసరం లేదు. 80ఈఈబీ పాత పన్ను విధానంలోనే పనిచేస్తుంది. కొత్త విధానంలో 2025-26కి 12 లక్షల వరకు ఆదాయానికి పన్నే పడదు, జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12 లక్షల 75 వేలు. నా ఆదాయం ఆ లోపే. నా మొదటి కారు లోను 2022 మార్చిలో మంజూరైంది కాబట్టి 80ఈఈబీకి అర్హత ఉండేది. అయినా కొత్త విధానంలోనే పన్ను సున్నా వస్తుంటే అది వాడుకోవాల్సిన పనే లేదు. ఇంటి లోను వడ్డీ, పీఎఫ్, ఇంటి అద్దె అన్నీ కలిపి పెద్ద మొత్తం చూపించే ఉద్యోగులు మాత్రం రెండు విధాలా లెక్క వేసి చూడండి. ఇన్‌కంట్యాక్స్ పోర్టల్‌లోనే కాలిక్యులేటర్ ఉంది, పది నిమిషాల పని. పాత విధానంలో వేస్తే బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్, లోను ఖాతా నంబరు, మంజూరైన తేదీ దగ్గర పెట్టుకోండి. రిటర్నులో అవన్నీ అడుగుతుంది.

ఇక్కడ మా అక్క కూతురి మాట చెప్పాలి. అది డల్లాస్‌లో ఉంటుంది. "పిన్నీ, అక్కడ మీకు ట్యాక్స్ క్రెడిట్ ఎంతొస్తోంది?" అని అడిగింది. మన జిల్లాలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు తక్కువేమీ కావు. వాళ్లు ఫోన్లో చెప్పిన 7,500 డాలర్ల లెక్క విని, మనకూ అలాంటిది ఉందనుకుంటారు. అక్కడిది క్రెడిట్, అంటే కట్టాల్సిన పన్నులోంచే నేరుగా తీసేసేవారు. మన 80ఈఈబీ డిడక్షన్, ఆదాయంలోంచి తీసేసి మిగిలినదాని మీద పన్ను లెక్కవేస్తారు. లక్షన్నర డిడక్షన్ అంటే లక్షన్నర చేతికి రాదు. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు కూడా మిగిలేది 46,800.

అమెరికా అనుభవంలో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. 2016 మార్చి 31న టెస్లా మోడల్ 3కి వెయ్యి డాలర్లు కట్టించుకుని బుకింగులు తీసుకున్నారు. అప్పటికే టెస్లా కారు ఉన్నవాళ్లను వరసలో ముందు నిలబెట్టారు. అక్కడి అప్పటి చట్టం ప్రకారం ఒక కంపెనీ రెండు లక్షల ఎలక్ట్రిక్ కార్లు అమ్మాక క్రెడిట్ తగ్గుతూ వచ్చేది. టెస్లా 2018 జూలైలో ఆ సంఖ్య దాటింది. 2018 డిసెంబరు 31లోపు కారు చేతికొచ్చినవాళ్లకు 7,500 డాలర్లు, మర్నాటి నుంచి 3,750, జూలై నుంచి 1,875, 2020 జనవరి నుంచి ఏమీ లేదు. వరసలో ముందున్నవాళ్లకూ వెనక ఉన్నవాళ్లకూ మధ్య తేడా అది. తరువాత చట్టం మారి 2023 నుంచి ఆ పరిమితి తీసేశారు. చివరికి 2025 సెప్టెంబరు 30 తర్వాత కొన్న కార్లకు క్రెడిట్ మొత్తానికే ఆగిపోయింది. ఆ చివరి గడువులో మాత్రం, కట్టుబడి ఉండే కాంట్రాక్టు రాసుకుని కొంత డబ్బు కట్టినవాళ్లకు, కారు తర్వాత వచ్చినా చెల్లుతుందన్నారు. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. బుకింగ్ రశీదు చూపించి ఇక్కడ ఏ లాభమూ పొందలేం. ఇన్‌వాయిస్ ఏ తేదీది, రిజిస్ట్రేషన్ ఏ రోజు, బండి వాడకంలోకి ఎప్పుడొచ్చింది, ఇవే అడుగుతారు.

మరి మనకు ఉన్నవేంటి? జీఎస్టీ 5 శాతమే, 2019 ఆగస్టు నుంచి ఇదే రేటు. 2025 సెప్టెంబరు 22న పెట్రోలు కార్ల రేట్లు మారినప్పుడూ ఈవీది మారలేదు. రిజిస్ట్రేషన్ ఫీజు 2021 నుంచి లేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులో 15 శాతం తగ్గింపు ఉంది. లైఫ్ ట్యాక్స్ విషయంలో జాగ్రత్త. ఆ మినహాయింపు రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వుల గడువు మీద ఆధారపడి ఉంటుంది. మీ మొదటి కారుకు సున్నా పడింది కాబట్టి రెండోదానికీ సున్నానే అనుకోవద్దు. "లైఫ్ ట్యాక్స్ లేదు సార్" అని నోటిమాటగా చెబితే ఊరుకోకుండా, కొటేషన్‌లో ఆ గడి విడిగా రాయించుకోండి. డెలివరీ నెలలు జరిగితే మళ్లీ అడగండి.

రెండోసారి కొనేవాళ్లకు మాత్రమే వచ్చే లాభం ఒకటి చాలామంది వదిలేస్తున్నారు. నో క్లెయిమ్ బోనస్. పాత కారుకు క్లెయిమ్ లేకుండా ఏళ్లు గడిస్తే సొంత డ్యామేజీ ప్రీమియంలో 20 నుంచి 50 శాతం దాకా తగ్గింపు పోగవుతుంది. అది కారుది కాదు, మీది. పాత కారు అమ్మాక ఇన్సూరెన్సు కంపెనీ దగ్గర సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు కొత్త కారుకు పెట్టుకోవచ్చు. షోరూం వాళ్లు ఇన్సూరెన్సు కాగితం ముందే సిద్ధం చేసి ఉంచుతారు కాబట్టి, డెలివరీకి వారం ముందే ఈ సర్టిఫికెట్ వాళ్లకు ఇచ్చేయండి. రెండు కార్లూ ఉంచుకుంటే మాత్రం ఆ బోనస్ పాతదానితోనే ఉంటుంది. అలాగే, కొన్ని కంపెనీలు తమ ఈవీ ఇప్పటికే ఉన్నవాళ్లకు లాయల్టీ బోనస్ ఇస్తాయి. పాత ఆర్‌సీ మీ పేరున ఉండి కొత్తది మీ ఆవిడ పేరున తీసుకుంటే అది వస్తుందో లేదో ఆ స్కీం కాగితంలో చూసి, బుకింగ్ రోజే రాయించుకోవాలి.

ఇక వెయిటింగ్ లిస్టు. లాయల్టీ అంటే మన దగ్గర చాలావరకు డబ్బు తగ్గింపే. వరసలో ముందు నిలబెడతారని అనుకోవద్దు. వరస కూడా మనం అనుకునే వరస కాదు. 2025 ఫిబ్రవరి 14న మహీంద్రా రెండు కొత్త ఎలక్ట్రిక్ కార్లకు బుకింగులు తెరిస్తే మొదటి రోజే 30,179 వచ్చాయి. డెలివరీలు మాత్రం పై వేరియంట్ నుంచి మొదలు. ప్యాక్ త్రీ వాళ్లకు మార్చిలో, ప్యాక్ టూకి జూలై నుంచి, ప్యాక్ వన్‌కి ఆగస్టు నుంచి అని కంపెనీయే ముందుగా ప్రకటించింది. అంటే మొదటి రోజు ఉదయం ప్యాక్ వన్ బుక్ చేసినవాళ్ల కంటే, తర్వాత వారం ప్యాక్ త్రీ బుక్ చేసినవాళ్లకు ముందు రావచ్చు. కాబట్టి "నా నంబరెంత?" అని అడిగితే లాభం లేదు. "ఈ వేరియంట్, ఈ రంగు, మన షోరూంకి నెలకు ఎన్ని అలాట్ అవుతున్నాయి? నా ముందు ఇదే వేరియంట్‌కి ఎంతమంది ఉన్నారు?" అని అడగండి. మీరు రంగు విషయంలో పట్టుబట్టకపోతే ఆ మాట కూడా చెప్పండి. ఎవరైనా క్యాన్సిల్ చేసుకున్న బండి ఉంటే ముందు మీకు ఫోన్ చేస్తారు.

షోరూం తెల్లకాగితం రశీదు సరిపోదు. కంపెనీ సిస్టంలో బుకింగ్ పడి, మీ ఫోన్‌కి ఆర్డర్ నంబరు మెసేజ్ రావాలి. బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో "డెలివరీ రోజున ఉన్న ధరే వర్తిస్తుంది" అని ఉంటుంది, చదవండి. జనవరిలో ధరలు పెంచడం కంపెనీలకు మామూలే. నవంబరులో బుక్ చేసిన కారు జనవరిలో వస్తే కొత్త ధర పడుతుంది. లోను శాంక్షన్ లెటరుకూ గడువు ఉంటుంది. అలాట్‌మెంట్ ఆలస్యమైతే బ్యాంకుతో మాట్లాడి పొడిగించుకోవాలి. నేను అది మర్చిపోయి మళ్లీ మూడు నెలల స్టేట్‌మెంట్లు పట్టుకుని తిరిగాను.

నేను చేసిన పెద్ద తప్పు అది కాదు. 2025 జూలై ఆఖర్లో బుక్ చేశాను. నాలుగు వారాలన్నారు. ఎక్స్చేంజ్‌లో పాత కారుకు మంచి రేటు వస్తోంది, వారం ఆగితే తగ్గుతుంది అన్నారు. ఆగస్టు మొదటి వారంలో ఇచ్చేశాను. నాలుగు వారాలన్నది పదకొండు వారాలు దాటింది. మా అమ్మకు కంట్లో ఇంజెక్షన్ కోసం నెలకోసారి విశాఖ తీసుకెళ్లాలి. ఇక్కడి నుంచి నూట పది కిలోమీటర్లు. డెబ్బై నాలుగేళ్ల మనిషిని, కంటికి పట్టీ వేయించుకుని, సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం నిలబెట్టాను. రెండుసార్లు. రణస్థలం దాటాక వాన పట్టుకుంది. కిటికీ అద్దం బిగుసుకుపోయి మూయడానికి రాలేదు. అమ్మ పట్టీ తడవకుండా చీర కొంగు కంటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

అందుకని గట్టిగా చెబుతున్నాను. చాసిస్ నంబరు చేతికి వచ్చేదాకా పాత కారు తాళాలు ఇవ్వకండి. "బండి అలాట్ అయింది", "ట్రాన్సిట్‌లో ఉంది", "స్టాక్‌యార్డ్‌కి వచ్చింది", ఇలా ఎన్ని చెప్పినా చాసిస్ నంబరు వాట్సాప్‌లో పెట్టమనండి. ఆ నంబరుతో పాటు తయారైన నెల కూడా అడగండి. జనవరిలో తీసుకునే కారు పోయిన ఏడాది తయారైనదైతే మళ్లీ అమ్మేటప్పుడు రేటు తగ్గుతుంది, ఆ తగ్గుదల ఇప్పుడే బేరంలో పెట్టాలి. ఎక్స్చేంజ్ రేటు డెలివరీ రోజు దాకా నిలుపుతారా అని అడిగి రాయించుకోండి. కొంచెం తగ్గిస్తామన్నా ఒప్పుకోండి. పది వారాలు కారు లేకుండా గడపడం కంటే అది నయం.

పాత బండి ఇచ్చే రోజు తేదీ, టైము, కిలోమీటరు రీడింగు రాసి సంతకం చేసిన కాగితం తీసుకోవాలి. ఫాస్టాగ్ ఆ రోజే మూసేయాలి. నేను మూయలేదు. ఆగస్టు పదిహేను దాటాక ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ టింగుమంది. మడపాం టోల్‌ప్లాజాలో డబ్బు కట్ అయిందని మెసేజ్. నా కారు నా పేరు మీదే నరసన్నపేట వైపు వెళ్తోంది, లోపల ఎవరున్నారో నాకు తెలియదు. ఏదైనా జరిగితే పోలీసులు వచ్చేది మా ఇంటికే. ఆర్‌సీ పేరు మారేదాకా ప్రతి సోమవారం పరివాహన్ సైటులో నంబరు కొట్టి చూశాను.

ఇప్పుడు వ్యాపారం, ప్రాక్టీసు ఉన్నవాళ్ల సంగతి. అసలు డబ్బు ఇక్కడే ఉంది, ఇక్కడే పోతోంది. డిప్రిసియేషన్, అంటే బండి అరుగుదల కింద ఏటా వ్యాపార ఆదాయంలోంచి తగ్గించుకునేది, ఎలక్ట్రిక్ వాహనాలకు 40 శాతం, మామూలు కార్లకు 15. కొత్త పన్ను విధానంలోనూ వస్తుంది. సొంతానికి వాడినంత మేర తగ్గించాలి. 44ఏడీ, 44ఏడీఏ కింద అంచనా ఆదాయం చూపించే చిన్న షాపులవాళ్లకు, డాక్టర్లకు విడిగా రాదు. లెక్కల పుస్తకాలు రాసేవాళ్లకే. ఆ ఏడాదిలో బండి 180 రోజుల కంటే తక్కువ వాడకంలో ఉంటే సగమే, 20 శాతం. మార్చి 31 నుంచి వెనక్కి లెక్కపెడితే ఆ గీత అక్టోబరు 3 మీద పడుతుంది.

నరసన్నపేటలో నాకు తెలిసిన డాక్టరుగారు ఒకరు 2024లో రెండో ఈవీ తీసుకున్నారు, 18 లక్షలది. సెప్టెంబరు ఆఖరి వారంలోనే బండి వచ్చింది. మహాలయ పక్షాలు కదా అని ఆగారు. మంచిదే, నేనైనా ఆగుతాను. ఆగి, దసరా రోజు, అక్టోబరు 12న తీసుకున్నారు. ఆ ఏడాది నవరాత్రులు మొదలైంది అక్టోబరు 3నే. పాడ్యమి రోజు తీసుకుని ఉంటే 180 రోజులు సరిగ్గా సరిపోయేవి, ముహూర్తానికి ముహూర్తం, లెక్కకు లెక్క. 7 లక్షల 20 వేలు రావాల్సిన డిప్రిసియేషన్ 3 లక్షల 60 వేలయింది. ఆయన 30 శాతం శ్లాబులో ఉన్నారు కాబట్టి సెస్సుతో కలిపి లక్షా పన్నెండు వేల పన్ను ఆ ఏడాది అదనంగా కట్టారు. అది శాశ్వతంగా పోదు, తర్వాతి ఏళ్లలో కొద్దికొద్దిగా వస్తుంది. అయినా ఆ మార్చిలో క్లినిక్‌కి ఏసీలు పెట్టించుకోవాల్సిన డబ్బు అది. నన్ను ముందు అడగలేదే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీ కారు ఆగస్టు, సెప్టెంబరులో రావాల్సి ఉంటే పంచాంగం పక్కన పెట్టుకుని మీ ఆడిటరుకు ఫోన్ చేయండి.

రెండో ప్రమాదం మార్చి నెలలో. పలాసలో జీడిపప్పు వ్యాపారి ఒకాయన 2022లో 15 లక్షల ఈవీ వ్యాపారం పేరున కొన్నారు. ఏటా 40 శాతం చొప్పున తగ్గి, 2025 మార్చి నాటికి పుస్తకాల్లో విలువ 3 లక్షల 24 వేలు. బయట 7 లక్షలకు అడుగుతున్నారు. ఆయన ఆలోచన ఏంటంటే ఫిబ్రవరిలో పాతది అమ్మి, ఏప్రిల్‌లో వచ్చే కొత్తదానికి ఆ డబ్బు కట్టడం. ఒకే డిప్రిసియేషన్ రేటున్న ఆస్తులన్నిటినీ కలిపి బ్లాకు అంటారు. అలా చేస్తే మార్చి 31 నాటికి ఆ 40 శాతం బ్లాకులో ఒక్క బండీ ఉండదు. 7 లక్షల్లోంచి 3 లక్షల 24 వేలు తీసేస్తే వచ్చే 3 లక్షల 76 వేలు షార్ట్ టర్మ్ లాభం, దానికి పన్ను. అదే కొత్త కారు మార్చి 31లోపు చేతికొస్తే, లేదా పాతది ఏప్రిల్‌లో అమ్మితే, ఆ 7 లక్షలు కొత్త కారు విలువలోంచి తగ్గిపోతాయి, అప్పటికప్పుడు పన్ను ఉండదు. డెలివరీ ఖాయం కాదని తెలిశాక పాతది ఏప్రిల్ దాకా ఉంచమన్నాను. మొదటి ఈవీ కొన్నప్పుడు, కొత్త కారు ఎప్పుడొచ్చిందన్నదానితో ఈ లెక్కకు సంబంధం ఉండదు, ఎందుకంటే పాత పెట్రోలు కారు 15 శాతం బ్లాకు, అది వేరు. రెండో ఈవీ కొనేవాళ్లకే ఇది.

ఆయనకు జీఎస్టీ నంబరు కూడా ఉంది. వ్యాపారం పుస్తకాల్లో ఉన్న పాత కారు అమ్మితే, లాభం మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. 2025 జనవరి నుంచి ఈవీలకూ ఇదే రేటు. లాభమంటే అమ్మిన ధరకూ పుస్తకాల విలువకూ మధ్య తేడా. ఫిబ్రవరిలో అమ్మితే 3 లక్షల 76 వేల మీద 67,680. "ఇదేటి మేడమ్, అమ్ముకున్నా ట్యాక్సేనా?" అన్నారు పాపం. ఏప్రిల్‌లో అమ్మినా జీఎస్టీ తప్పదు, మార్చి 31తో పుస్తకాల విలువ ఇంకా తగ్గుతుంది కాబట్టి ఇంకాస్త పెరుగుతుంది కూడా. కాబట్టి ఎక్స్చేంజ్ రేటు బేరమాడేటప్పుడే దీన్ని లెక్కలో పెట్టుకోవాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని ఉద్యోగులు, గృహిణులు సొంత కారు అమ్మితే జీఎస్టీ లేదు, లాభం మీద ఆదాయపు పన్నూ లేదు.

ఇంట్లో చార్జరు మొదటి కారుది ఉంటే చాలావరకు అదే పనికొస్తుంది, మన కార్లకు ఎక్కువగా టైప్-2 గన్నే. 3.3 నుంచి 7.2 కిలోవాట్లకు మారుతుంటే మాత్రం కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో అదనపు లోడుకు ముందే దరఖాస్తు పెట్టండి. కారు వచ్చాక పెట్టి లైన్‌మన్ కోసం చూడొద్దు. ఇంకో మాట, మన వైపు అక్టోబరు తుపాన్ల నెల. 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరు 11న. పలాస, మందస వైపు ఎన్ని రోజులు కరెంటు లేదో అక్కడివాళ్లనడగండి. రెండూ ఈవీలే ఉంచుకోవాలనుకునే ఇళ్లు ఇది కూడా ఆలోచించాలి.

చివరగా టీసీఎస్. కారు 10 లక్షలు దాటితే షోరూం మీ దగ్గర 1 శాతం అదనంగా తీసుకుని మీ పాన్ మీద ప్రభుత్వానికి కడుతుంది. ఇది ఖర్చు కాదు, మీ పన్ను ముందుగా కట్టినట్టు. పన్ను లేనివాళ్లకు రిఫండ్ వస్తుంది. ఉద్యోగులైతే 12బీఏఏ ఫారంలో ఆఫీసుకు చెబితే జీతంలో టీడీఎస్ ఆ మేర తగ్గిస్తారు. ఇన్‌వాయిస్‌లో పేరు, పాన్ ఎవరిదో బిల్లింగ్‌కి ముందే చూసుకోండి. భర్త పాన్ ఇచ్చి భార్య పేరున కారు తీసుకుంటే తర్వాత ఇద్దరూ తిరగాలి.

నా కారు అక్టోబరు 17న వచ్చింది, ధనత్రయోదశికి ముందు రోజు. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని అరసవల్లి తీసుకెళ్లి, అక్కడి నుంచి ఇంటికి వచ్చాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వసూలైన టీసీఎస్‌కి షోరూం రిటర్ను వేయాల్సిన గడువు జనవరి 15. నెలాఖరున పోర్టల్‌లో 26ఏఎస్, అంటే నా పాన్ మీద జమైన పన్నుల పట్టిక, తెరిచి చూస్తే షోరూం పేరు పక్కన 15,400 కనిపించింది. ఆ పేజీ ప్రింటు తీసి, కారు ఇన్‌వాయిస్‌తో కలిపి పిన్ను కొట్టి, వేయాల్సిన నా రిటర్ను ఫైల్లో పెట్టుకున్నాను.